అలసంద సాళ్లలో నల్ల పురుగులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఖరీఫ్ మొదట్లో, నన్ను శింగనమల వైపు వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. మండల వ్యవసాయాధికారి కింద ఊళ్లు తిరిగే ఉద్యోగం. వారానికోసారి పొలంబడి నడిపేవాణ్ని. రైతులతో చేలోకి దిగి, మొక్కకు హాని చేసే పురుగులెన్ని, వాటిని తినే మిత్రపురుగులెన్ని అని లెక్కపెట్టడమే అందులో పని.

నారాయణమ్మది రెండెకరాల మెట్ట. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసేది. ఆ ఏటి వేరుశనగ నుంచి పై ఏటికి విత్తనం మిగుల్చుకోవాలని ఆమె ఆశ. నా మాట విని మధ్యమధ్య అలసంద సాళ్లు వేసింది. అలసందకు రసం పీల్చే పేనుబంక త్వరగా పడుతుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు చేరి చేనంతా కాపు కాస్తాయి. ఈ సంగతి పొలంబడిలో గొంతు చించుకుని చెప్పింది నేనే.

ఒకరోజు నేను మీటింగులో ఉండగా ఆమె ఫొటో పంపింది. కొమ్మ నిండా పేనుబంక, మధ్యలో ముళ్లతో నల్లటి పురుగులు. వెంటనే ఫోన్ చేసి, "ఈ నల్లవి ఏం చేస్తాండాయో ఒకసారి వచ్చి చూడు సార్" అంది. ఫొటో చాలనుకున్నాను. ఆకులు తినేసే ఎర్ర గొంగళి పురుగు పిల్లలై ఉంటాయని, చేనంతా మందు కొట్టమని చెప్పాను.

"సెనిక్కాయకు కూడా కొట్టల్లా సార్?" అని అడిగింది. కొట్టమన్నాను.

నాలుగు రోజులకు పోయి చూస్తే అవి రాలి, ఎండి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలని. పెద్దది గుండ్రంగా, ఎర్రగా, ముద్దుగా ఉంటుంది. పిల్ల మాత్రం మొసలి పిల్లలా ఉంటుంది. ఈ పాఠమూ నేను చెప్పిందే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తప్పు నాదేనని ఆమెతో ఒప్పుకున్నాను.

"నాకు అనుమానంగానే ఉండె సార్. అవి పేనుబంకను తింటాంటే కండ్లారా చూసినా. సదువుకున్నోడివి, నువ్వు చెప్పినావని కొట్టినా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పేనుబంక మళ్లీ వచ్చింది. తినేవి లేవు గనుక వేరుశనగకూ పాకింది. ఆపైన వాన మొహం చాటేసింది. కాయ ఊరలేదు. చేను గొర్రెలకు వదిలేసి నారాయణమ్మ బెంగళూరుకు కూలికి పోయింది. పంట నష్టం నివేదికలో, కారణం రాయవలసిన గడిలో 'వర్షాభావం' అని రాసి సంతకం పెట్టాను. నేను కొట్టించిన మందు సంగతి రాయడానికి ధైర్యం చాలలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పురుగుకు పేరు పెట్టే ముందు అది ఏం తింటోందో చూడాలి. మనం చూడలేకపోతే, చూసినవాళ్లను అడగాలి. నారాయణమ్మ చూసింది. నేను అడగలేదు.