పై పోస్టుకు చేరని పేజీలు

తొంభైల చివర, అక్టోబరులో హిమాలయాల్లోని ఆ సైనిక పోస్టుకు చేరాను. ట్రక్కు రోడ్డు అయిపోయాక ఒకటిన్నర రోజు నడక. రాయి, మంచు, గాలి. చెట్టన్నది లేదు. పుంగనూరులో ఇప్పటికీ అడుగుతారు, "హార్స్లీ హిల్స్ మాదిరి సల్లగా ఉంటాదా?" అని. ఉంటుందని చెప్పి ఊరుకుంటాను. వివరించే ఓపిక లేదు.

నా నల్ల ట్రంకు కంచరగాడిద మీద వచ్చింది. అందులో ఇరవై నాలుగు పుస్తకాలు. మదనపల్లె బస్టాండు దగ్గర పాత పుస్తకాల అంగట్లో కొన్నవి. నెలకు రెండు చొప్పున ఏడాదిలో అన్నీ చదవాలి. అంతకుముందు పోస్టింగులో ఖాళీ గంటలు నన్ను తినేశాయి. ఈసారి ఆ గంటలకూ ఒక డ్యూటీ వేశాను.

మా పైన ఇంకో పోస్టు. నలుగురు మనుషులు, ఒక రేడియో. ఆపరేటర్‌ది కుప్పం. నన్ను అందరూ పుంగనూరు అనేవాళ్లు, అతన్ని కుప్పం అనేవాళ్లు. అక్కడ చదవడానికి ఏమీ లేదు. పైకి కిరోసినూ తిండీ మోయడమే కష్టం, పుస్తకం ఎవరు మోస్తారు? అందుకని నేను చదివేసిన భాగం చింపి, రేషన్ మోసుకెళ్లే జవాను కోటు జేబులో పెట్టేవాణ్ణి. పుస్తకం చింపడానికి మొదట చెయ్యి రాలేదు. తర్వాత అలవాటైంది.

సాయంత్రం రెండు పోస్టుల మధ్య రేడియో చెక్ అయ్యాక, మా సెట్‌లో కుప్పం సమీక్ష వచ్చేది.

"ఇది రాసినాయన ఒక్కనాడూ పొయ్యి రాజేసినట్టు లేడన్నా. ఓవర్."

"ఇందులో అందరూ ఊరికే ఏడుస్తాండారు. వేరేది పంపు. ఓవర్."

నాకు అన్నీ బాగానే ఉండేవి. అతనికి ఏదీ నచ్చేది కాదు. ఒళ్లు మండేది. మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్‌కు తెలుగు రాదు. బ్యాటరీ అయిపోతుందని మాత్రం అరిచేవాడు.

జనవరిలో ఒక నవల మొదలుపెట్టాను. ఒక రైతు మెట్ట పొలంలో బావి తవ్వుతుంటాడు. ఎంత లోతుకు పోయినా రాయే. విడతలుగా పైకి పంపాను. కుప్పం సమీక్షలు మానేశాడు. "తరవాతది ఎప్పుడొస్తాది?" అంతే. ఊర్లో వాళ్ల నాయన కూడా అలాంటి బావే తవ్విస్తున్నాడట. చివరి పేజీలు పంపేలోపు మంచు పడి దారి మూసుకుపోయింది.

కొన్నాళ్లు చూసి, ఉండబట్టలేక రేడియోలో అడిగాను. "నీళ్లు పడినాయో లేదో చెప్పేస్తా, వినప్పా."

"వద్దులే అన్నా! దిగొచ్చి నేనే సదువుకుంటా. ఆడ ఎవురన్నా ఆ పేజీలు పొయ్యిలో పెట్టేస్తారు, జాగర్త. ఓవర్."

మరుసటి వారం మంచు తుఫాను. పై పోస్టు యాంటెన్నాకు మంచు గడ్డకట్టేది. తడిసిన గ్లవ్స్‌తో కుప్పమే దాన్ని గీకేవాడు. మళ్లీ పట్టేది, మళ్లీ గీకేవాడు. ఒక సాయంత్రం రేడియోలో వేరే గొంతు హిందీలో చెప్పింది. చలికి ఆపరేటర్ చేతులు పాడయ్యాయి, తెరిపి ఇస్తే కిందికి పంపుతాం. అతను దిగొచ్చేదాకా నేను ఒక్క పేజీ చదవలేదు. భయమేసింది.

తాడు కట్టి దింపారు. తన కాళ్ల మీదే వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. వేళ్లు నిలవవని నర్సింగ్ అసిస్టెంట్ నా చెవిలో చెప్పాడు. కుప్పం బంకర్లో పొయ్యి పక్కన కూలబడి, నా వైపు చూశాడు.

"బావి యాడుండాది?"

పేజీలు తీశాను. చదివి వినిపిస్తానన్నాను.

"వద్దన్నా. నీ గొంతులో అన్నీ బాగానే ఉంటాయి. నువ్వు పట్టుకో, సాలు."

అతని ముఖం ముందు పట్టుకున్నాను. అతను తల ఊపితే తిప్పేవాణ్ణి. నిదానంగా చదివాడు. కొన్ని పేజీల దగ్గర తల చాలాసేపు ఊగలేదు. నా చేతులు లాగాయి, అయినా కదల్లేదు. చివరి పేజీలో నీళ్లు పడ్డాయి.

"మా పక్క ఇంత సులువుగా పడవన్నా," అన్నాడు. కళ్లు తుడుచుకోబోయి చెయ్యి ఎత్తాడు. కట్టు చూసి దించేశాడు. నేను తుడిచాను.

తెల్లారి హెలికాప్టర్ వచ్చి అతన్ని తీసుకెళ్లింది.

ఏడాది ముగిసేసరికి నా లెక్క సగం దాటి ఆగిపోయింది. ఇంటికి బయల్దేరాను. బెంగళూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి పుంగనూరు బస్సు. ట్రంకులో చదివిన పుస్తకాలకు అట్టలే మిగిలాయి.

ఇప్పుడూ చదువుతాను. ఇన్ని చదవాలని లెక్క పెట్టుకోను. పేజీ చివరికి వచ్చాక నా చెయ్యి ఆగుతుంది. ఆ తెల్లటి కట్ల పైన అతని తల ఊగాలి. ఊగాకే తిప్పుతాను.