పక్క సీట్లో సంచీ

హైటెక్ సిటీ కట్టిన కొత్తలో నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. రోజూ నేను చందానగర్‌లో బస్సెక్కేసరికి, లింగంపల్లిలో ఎక్కిన ఒకావిడ పక్క సీట్లో సంచీ పెట్టి నాకోసం ఆపేది. నేను అడిగిందీ లేదు, ఆవిడ చెప్పిందీ లేదు.

ఆఫీసువాళ్లు వ్యాను పెట్టగానే బస్సు మానేశాను. రెండు వారాలకు ఒకరోజు వ్యాను రాక మళ్లీ బస్సెక్కాను. ఆ సీటు కోసం ఒక పెద్దాయన ఆవిడతో గొడవపడుతున్నాడు.

"రోజూ గిదే మాట! ఏదమ్మా మీ మేడం?"

"గదిగో!" అందావిడ నన్ను చూసి. బస్సంతా నావైపు తిరిగింది.

"పానం మంచిగలేకుండెనా మేడం? మస్తు ఫికరైంది" అంటూ సంచీ తీసింది.

అవునని అబద్ధమాడి, తలదించుకుని కూర్చున్నాను. దిగేటప్పుడైనా వ్యాను సంగతి చెప్పలేకపోయాను.

మర్నాడు వ్యానే ఎక్కాను. ఆ సీటు ఇంకెన్నాళ్లు ఆపిందో!