ఆడవాళ్ళ వాకిలి

మా మేనత్త మొన్న మంగళవారం తెల్లవారుతుండగా పోయింది. ఏడాదిగా ఆయాసంతో నడుం వాల్చలేక కూర్చునే కునుకు తీసిన మనిషి. ఆ పొద్దున హాయిగా పడుకునే ఉంది. ఇంక ఆమెకు ఊపిరి కోసం పెనుగులాట లేదని, ఏడుస్తూనే మేమంతా తేలికపడ్డాం.

చిక్కపేట బజారు వెనక మునిసిపాలిటీవారి స్నానాల ఇల్లుంది. కట్టించింది వాళ్ళు, నడిపేది వేలంలో గుత్త పాడుకున్నవాళ్ళు. చాలాకాలం ఆ గుత్త మా మామది. మగవాళ్ళ వైపు ఆయన, ఆడవాళ్ళ వైపు అత్త చూసుకునేవారు. బుట్టలు మోసేవాళ్ళు, పల్లెల నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ళు ఒంటి దుమ్ము కడుక్కుని ఇంటిదారి పట్టేది అక్కడినుంచే. చంటిపిల్లల తల్లులకు నీళ్ళు ఇచ్చేముందు అత్త తన మోచేతి మీద పోసుకుని వేడి చూసేది. ఎవరైనా ఆలస్యమవుతోందని గదమాయిస్తే, "ఉండమ్మా, నీళ్ళకు తొందర తెలీదు" అనేది.

యుద్ధం రోజుల్లో నీళ్ళు కాచే కట్టెలకు కరువొచ్చింది. అప్పుడే మామ పోయాడు. తర్వాతి వేలానికి ఒక బట్టల వ్యాపారి సిద్ధమయ్యాడు. ఆడవాళ్ళ వైపు మూసేసి బట్టల మూటలు పెట్టుకుంటాడని బజారంతా చెప్పుకున్నారు. అతనితో పోటీపడే శక్తి అత్తకు లేదు. అయినా మునిసిపాలిటీ ఆఫీసుకు బయల్దేరింది. నేను పనికి సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

"గుత్త నాకే ఇయ్యమని అడగనప్పా. ఎవురికిచ్చినా ఆడోళ్ళ వాకిలి మూయకూడదని షరతు పెట్టండి" అంది.

అధికారి విసుక్కున్నాడు. "కట్టెలే దొరకడం లేదు. అది గుత్తదారు ఇష్టం కదమ్మా!"

"మొగోళ్ళయితే వీధి కొళాయి కింద కూర్చుంటారు. ఆడోళ్ళు యాడ కూర్చోవల్ల? మీరే చెప్పండి."

 ఆయన గుమాస్తాను పిలిచి షరతు చేర్పించాడు.

వేలంలో గుత్త వ్యాపారికే పోయింది. అత్త ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతూ బయటికొచ్చి, "నడువు, కాఫీ తాగుదాం" అంది. కొన్నాళ్ళకు ఆ వ్యాపారే మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆడోళ్ళ పక్క చూసేది మావాళ్ళతో కాలేదు. మీరే రావల్లమ్మా."

"నీళ్ళు కాగి ఉండాయా?" అని అడిగి, చెంగు దోపుకుని అప్పుడే బయల్దేరింది. జబ్బుపడేదాకా అక్కడే ఉంది.

ఈ ఏడు వేలం దగ్గరపడేకొద్దీ ఆమెకు ఆ షరతు ఉంచుతారో తీసేస్తారోనన్న బెంగే. నేను వెళ్ళి విన్నాను. వేలం పాట మొదలుపెట్టే ముందు ఆ షరతు గట్టిగా చదివారు. వచ్చి చెబితే నా చెయ్యి నొక్కి, "అట్లయితే సరిపోయిందప్పా" అంది. ఆ వారమే పోయింది.

నిన్న సంతవేళ అటు వెళ్ళాను. వాకిలి తెరిచే ఉంది. లోపలినుంచి ఆవిరి, సీకాయ వాసన. కొత్తిమీర అమ్మే ఒకావిడ తడితలకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, ముఖం మీద ఎండ పడుతుంటే కాసేపు అట్లే కళ్ళు మూసుకుని నిలబడింది.