బంగాళాఖాతం అల్లుడు

భూమన్నకు ఒక్కటే పిచ్చి. బంగాళాఖాతంలో ఏ మూల నీళ్ళు కదిలినా, ఆ కదిలినది ఒడ్డెక్కేసరికి ఎంత గట్టి తుఫాను అవుతుందో ముందే చెప్పాలి. అడిగినవాళ్ళకు చెప్తాడు, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్తాడు. పేరు భూమన్న, ధ్యాసంతా సముద్రం మీద. పోనీ సముద్రం చూశాడా అంటే అదీ లేదు. కరీంనగర్ మానేరు డ్యాముకు మించిన నీళ్ళు ఆయన కంటపడలేదు.

"పొయ్యి మీద పాలు పొంగుతున్నయంటే ఎరుక లేదు గనీ, సముద్రం ఎప్పుడు పొంగుతదో చెప్తడు" అని ఆయన భార్య బాలలక్ష్మి కనపడిన ప్రతివాళ్ళతో అనేది. ఆ మాటను భూమన్న పొగడ్త కిందే తీసుకున్నాడు.

ఈ పిచ్చితో అందరికంటే ఎక్కువ వేగింది మమతారాణి. డిగ్రీ చదివి, మహిళా సంఘం తరఫున ఊళ్ళో వడ్ల కొనుగోలు సెంటరు నడిపే మనిషి. కోత కాగానే ఊరి వడ్లన్నీ సెంటరు ముందున్న ఖాళీ జాగాలో కుప్పలు పడతాయి. అవి ఎండాలి, తేమ మిషను ఒప్పుకోవాలి, కాంటా కావాలి, లారీ రావాలి. అప్పటిదాకా ఊరి కష్టమంతా ఆకాశం కింద పడుకొని ఉంటుంది. వాన పడితే నష్టం రైతుది, తిట్లు మమతారాణివి.

తుఫాను వస్తుందంటే ఆమె ఫోనుకు పసుపు, నారింజ, ఎరుపు అంటూ హెచ్చరికలు వచ్చేవి. భూమన్నకు ఆ రంగులు నచ్చేవి కావు. రంగులు చీరలకు బాగుంటాయి, తుఫానుకు అల్లుడే సరైన కొలత అనేవాడు. ఆయనది సిరిసిల్ల. మరమగ్గాలు నడిపి నడిపి, చివరికి బాలలక్ష్మిని చేసుకొని ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. అందుకని అల్లుళ్ళ సంగతి తనకంటే ఎవరికి తెలుసునని ఆయన ధీమా.

ఆ కొలతలో అన్నిటికంటే కింద ఉండేవాడు మర్యాదస్తుడైన అల్లుడు. వస్తాడు, చాయ తాగుతాడు, పోతాడు. నాలుగు చినుకులు, అంతే. ఆ పైన మూతి ముడిచిన అల్లుడు, అంటే రెండు రోజుల ముసురు. ఆ పైన తాగొచ్చిన అల్లుడు. వీడు రేకులు లేపుతాడు, కరెంటు స్తంభాలు వంచుతాడు. అన్నిటికంటే పైన ఉండేవాడు తల్లిని ఎంబడేసుకొచ్చిన అల్లుడు. ఆ మాట వింటేనే ఊళ్ళో ఆడవాళ్ళు చెంగు నడుముకు చుట్టేవాళ్ళు.

"ఏం లేదు కోడలా, అంతా తిండిల ఉంటది" అని ఊరి వరసకు కోడలయ్యే మమతారాణికి శాస్త్రం చెప్పేవాడు. "వెచ్చటి సముద్రం మీద ఎన్ని పూటలు కూసోని తింటే గంత బలుస్తడు. నడుమ పొడిగాలి తగిలిందనుకో, ఆకలి సస్తది. ఒడ్డెక్కినంక తిండి బందు. మన దాంక వచ్చేటాలకు సగం చిక్కుతడు. ఆ మిగిలిన సగం ఎంతనేదే లెక్క."

లెక్కలో తప్పు లేదు గానీ భూమన్నకు వేళాపాళా లేదు. బుచ్చిరాములు తల్లి పోయినప్పుడు ముసలమ్మను వాకిట్లో పడుకోబెట్టి అందరూ చుట్టూ కూచున్నారు. తల దగ్గర కూచున్న భూమన్న చూపు మాత్రం ఫోనులో సుడి తిరుగుతున్న మబ్బు మీద ఉంది. ఏడుపులు కాస్త సద్దుమణిగిన సందులో ఆయన మెల్లగా, "అగో, కన్ను తెరుస్తున్నది" అన్నాడు. అంతే, వాకిలి ఖాళీ. బుచ్చిరాములు పెళ్ళాం గోడ దూకిందని చెప్పుకుంటారు. తుఫానుకు కన్నుంటుందని భూమన్న వెంటపడి చెప్తున్నా వినడానికి ఎవరూ ఆగలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. పోయినేడు జరిగింది మాత్రం అట్లా కాదు. వడ్లు జాగాలో ఉండగానే భూమన్న పంచాయతీ మైకు దొరకబుచ్చుకొని, తల్లిని ఎంబడేసుకొని అల్లుడు బయలుదేరాడని ఊరంతటికీ చాటాడు. జనం పచ్చి వడ్ల మీదనే పరదాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. తీరా చూస్తే అల్లుడు దారి మళ్ళి ఒడిశా వైపు పోయాడు. ఇక్కడ ఎండ కాసింది. పరదాల కింద వడ్లు చెమటలు పట్టి, తేమ మిషను దగ్గరికి రానియ్యలేదు. అన్నిటినీ మళ్ళీ విప్పి, పలచగా నెరిపి, ఆరబోసేసరికి మమతారాణి గొంతు పోయింది.

యాదవ్వకైతే కాలే విరిగింది. ఆమె మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఆమె కుక్కరు కూత వేస్తే గుండె పట్టుకునే మనిషి. మైకులో ఆ మాట వినగానే ఒక్కతే జాగాకు ఉరికి, గడగడ వణుకుతూ రాళ్ళు మోసి, కుప్ప మీదినుంచి జారిపడింది. కట్టు విప్పేదాకా బాలలక్ష్మి ఆమెకు అన్నం పంపింది. ఆ గిన్నె మోసింది భూమన్న.

ఆ తరువాత ఊరు ఆయనను వదల్లేదు. అల్లుడు ఏడని అడిగితే బస్సు తప్పిందనేవాడు. రెండోసారి అడిగితే వేరే అత్తగారింటికి పోయాడనేవాడు. మూడోసారికి లేచి ఇంటికి పోయేవాడు. మమతారాణి మైకు గదికి తాళం వేయించి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది.

ఈ ఏడు మళ్ళీ వడ్లన్నీ జాగాలో ఉండగానే అండమాన్ అవతల ఒకటి లేచింది. ఫోనులో రంగు పసుపు నుంచి నారింజకు మారింది. మమతారాణి మొట్టమొదట భూమన్న ఇంటికే పోయి, ఈసారి మైకు ముట్టొద్దని గట్టిగా చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆ బుద్ధి చూసే ఆమెకు అనుమానం రావలసింది.

తరువాత ఇల్లిల్లూ తిరిగింది. వడ్లు ఎండినయి, వాన ఖాయం, రేపటిలోగా కుప్పలు కప్పుకోవాలని బతిమాలింది. ఒక్కరూ కదల్లేదు. పోయినేడు కూడా ఇట్లాగే చెప్పారని బుచ్చిరాములు మంచం మీద ఇటునుంచి అటు తిరిగాడు. ఎవరేం చెప్పినా కాదనడమే అలవాటైన ముత్తయ్య, ఆమె చెప్పింది గనుక వాన రాదని తేల్చేశాడు. యాదవ్వ గడప దాకా పోయి కూడా, ఆ గుండెను ఎట్లా కదపాలో తెలియక మమతారాణి వెనక్కి తిరిగింది. ఆ రోజు ఆమెకు ఏడుపొకటే తక్కువ. ఊరి పంట తన కళ్ళముందే నాని మొలకెత్తబోతుంటే, తన మాటకు పరదా మందం విలువ కూడా లేకపోయింది.

మర్నాడు పొద్దున గాలి మారింది. మమతారాణి పడుతూ లేస్తూ జాగాకు పోయి, నమ్మలేక కళ్ళు నులుముకుంది. కనపడినంత మేర కుప్పలన్నీ కప్పి ఉన్నాయి. పొద్దెక్కందే మంచం దిగని బుచ్చిరాములు రెండేసి పరదాలు కప్పి, చుట్టూ కాలువ తవ్వుతున్నాడు.

"భూమన్న బావ చెప్పిండు" అన్నాడు పార ఆపకుండా. "అల్లుడు తల్లిని ఒక్కదాన్నే కాదట, ఆడిబిడ్డలను సుత తోలుకొస్తుండట."

ఆమె పళ్ళు కొరుక్కుంటూ ముత్తయ్య దగ్గరికి పోయింది. ముత్తయ్య పరదా అంచున ఆఖరి రాయి పెట్టి నవ్వాడు.

"రాత్రి భూమన్న వచ్చి, వాన రాదు, కప్పకు అన్నడు. ఆయన రాదన్నడంటే ఇగ వచ్చినట్టే గదా."

ఒక్క తుఫానుకు రెండు బలాలేమిటో తేల్చుకుందామని మమతారాణి యాదవ్వ ఇంటికి పోయింది. యాదవ్వ నిమ్మళంగా సర్వపిండి చేస్తోంది. చేతులు వణకడం లేదు.

"మర్యాదస్తుడేనట మమతా. చాయ తాగి పోతడట. ఫికర్ చెయ్యకు, పొయ్యి కాడికెల్లి కదలకు అన్నడు భూమన్న." ఒక ముక్క తుంచి చేతిలో పెట్టింది. "తిను, వేడిగున్నది."

మమతారాణికి ఒళ్ళు మండిపోయింది. ఆడమనిషి, ఒంటరిది, ఉన్నదంతా ఆ కుప్పే. దాన్ని నట్టేట ముంచాడు పెద్దమనిషి. చేతిలో సర్వపిండితోనే జాగా చివరి మూలకు ఉరికింది.

యాదవ్వ కుప్ప మీద భూమన్న ఉన్నాడు. పరదా చివర పళ్ళతో పట్టుకొని తాడు బిగిస్తున్నాడు. కింద బాలలక్ష్మి రెండో చివర లాగుతూ, ఆయనను తిడుతూ ఉంది. ఆ పక్కనే భూమన్న సొంత కుప్ప ఏ కప్పూ లేకుండా ఉంది.

మమతారాణి కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు. "మామా, అసలు ఎంత గట్టిది ఇది?" అని అడిగింది.

"నాకేమెరుక కోడలా. నేను సముద్రం చూసిన్నా?"

"మరి ఒక్కొక్కలకు ఒక్కొక్క తీరు చెప్పినవేంది?"

భూమన్న తాడు ముడి వేసి, మెల్లగా కిందికి జారాడు. "తుఫాన్ ఎంత గట్టిదో నీ ఫోన్ల వస్తది. మనిషి ఎంత గట్టోడో అండ్ల రాదు గద. పోయినేడు అందరికి ఒక్కటే చెప్పిన. బుచ్చిరాములు గంటసేపు సుత పరేషాన్ కాలే. గా యాదవ్వ కాలిరగ్గొట్టుకున్నది."

అప్పటికే మొదటి చినుకులు పడ్డాయి. మమతారాణి ఇక ఆలోచించలేదు. జాగా దద్దరిల్లేలా కేక వేసింది. ఇల్లిల్లూ తిరిగి బతిమాలినా కదలని ఊరు ఆ ఒక్క కేకకు ఉరికొచ్చింది. బుచ్చిరాములు తన రెండో పరదా లాక్కొచ్చాడు. ముత్తయ్య రాళ్ళు మోశాడు. భూమన్న కుప్ప మీద పరదాకు చెరో మూల పట్టుకొని, ఆడబిడ్డలు కూడా వస్తున్నారని ఒకడు, ఏమీ రాదని భూమన్నే చెప్పాడని ఒకడు, ఒకరినొకరు అబద్ధాలకోరులని తిట్టుకుంటూ కప్పారు. మమతారాణికి నిజం తెలుసు. నవ్వాపుకోవడానికి సర్వపిండి నోట్లో కుక్కుకుంది. ఆఖరి తాడు బిగిసిందో లేదో, ఆకాశం విరిగి పడింది.

ఆ పొద్దంతా, రాత్రంతా కొట్టింది. సెంటరు మీది రేకు ఒకటి ఎగిరిపోయి చెరుకు తోటలో పడింది. మర్నాడు పొద్దు తిరిగేసరికి గాలి తగ్గి, మబ్బు విరిగి, ఎండ తొంగి చూసింది. ఊరంతా జాగాలో చేరింది. మమతారాణి పరదా ఎత్తి, గుప్పెడు వడ్లు తీసి, తేమ మిషన్‌లో పోసింది. అందరూ మిషను మీదికి వంగారు. మిషను ఒప్పుకుంది. పక్క కుప్పకూ ఒప్పుకుంది. ఆ జాగాలో తడిసిన కుప్ప ఒక్కటీ లేదు. అంతలో ఎవరో డప్పు తెచ్చారు. బుచ్చిరాములు జీవితంలో మొదటిసారి పిలవకుండానే లేచి ఆడాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి, ఇంత వానకు ఎట్లా కాపాడుకున్నారని అడిగితే, ఊరు మొత్తం కాలరెగరేసింది.

ఎవరి తుఫాను వాళ్ళదే. అల్లుడు తల్లితో, ఆడబిడ్డలతో వచ్చినా తన కాలువ ముందు నిలవలేకపోయాడని బుచ్చిరాములు చెప్పుకున్నాడు. భూమన్నకు ఎప్పట్లాగే ఏమీ తెలియదని, తన బుద్ధే తనను కాపాడిందని ముత్తయ్య మీసం దువ్వాడు. యాదవ్వ తన కుప్పను ఒకసారి నిమిరి, "నేను చెప్పలే? ఒక్క గింజ ముట్టలే, చాయ తాగి పోయిండు పాపం" అంది. భూమన్న అందరి మాటకూ తల ఊపాడు.

లారీలు వచ్చి, వడ్లు ఎత్తి, ధూళి రేపుకుంటూ పోయాక మమతారాణి మైకు గది తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అది తిరిగి ఆమెకే ఇచ్చేశాడు. మైకుకు మనిషి కనపడడు, దానితో పని కాదన్నాడు. చెప్తూ చెప్తూనే జేబులోంచి ఫోను తీశాడు.

"అగో కోడలా, అండమాన్ అవుతల ఇంకొకడు బయలెల్లిండు."

"అందరికి అన్ని తీర్లు చెప్తవ్. నాకు ఎంత చెప్తవ్ మామా?" అని అడిగింది మమతారాణి.

భూమన్న ఆమెను ఎగాదిగా చూశాడు. తరువాత ఫోను ఆమె చేతిలోనే పెట్టేశాడు. "నీకు చెప్పుడేంది. నువ్వు గట్టిదానివి. ఉన్నది ఉన్నట్టు చూసుకో."

ఏ సర్టిఫికెట్టూ ఆమెకు అంత గర్వం తేలేదు. ఆమె ఫోను దగ్గరికి పెట్టుకొని, తిరుగుతున్న మబ్బును భూమన్నలాగే కళ్ళు చికిలించి చూసింది. "వీడు దారిల మస్తు తింటుండు మామా. ఎంబడి తల్లి సుత ఉన్నట్టే ఉన్నది."

భూమన్న అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చి బుచ్చిరాములు ఇంటి దిక్కు బయలుదేరాడు. అక్కడనుంచి యాదవ్వ ఇంటికి పోవాలన్నాడు.

"యాదవ్వకు నేను చెప్త లే" అంది మమతారాణి. "అల్లునికి చాయ పెట్టుమంట."