తన గీతలు తానే గీసుకునే డిస్కు

ఈ రోజు మధ్యాహ్నం కామారెడ్డిలోని మా ఎస్టీడీ బూత్‌కు నస్రీన్ వచ్చింది. ఎల్లారెడ్డిలో నాతో పదో తరగతి చదివింది. ఇప్పుడు బెంగళూరులో కంప్యూటర్ డిస్కులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆమె కనిపెట్టిన ఒక పద్ధతి ఎవరికైనా తట్టేదేనని పేటెంట్ ఆఫీసు వాళ్లు పేటెంట్ ఇవ్వలేదట. దానిపై వేసిన అప్పీలులో ఈ రోజే తీర్పు. అది తెలుసుకోవడానికి మా బూత్ నుంచే వకీలుకు ఫోన్ చేసింది.

ఫోన్ పెట్టేసి, "గెలిచినం" అంది మెల్లగా.

"ఇంతకు ఏం కనిపెట్టినవే?" అని అడిగాను.

"కొత్త డిస్కు మీద గీతలుండయి. గీతల్లేకుంటే మన సమాచారం ఎక్కడ రాయాల్నో దానికి తెల్వది. ఇదివరకు పెద్ద మిషన్ పెట్టి గీసేటోళ్లు. నా పద్ధతిల డిస్కే ఒక గీత గీసుకొని, దాని ఆసరాతోని పక్క గీత గీసుకుంటది. గట్లనే చివరిదాంక."

"గింతేనా?"

ఆమె నవ్వింది. "విన్నంక అందరికి గట్లనే అనిపిస్తది. వినకముందు ఎవరికి తట్టింది? తీర్పుల గూడ గదే రాసిన్రట."

వెంట్రుక మందంలో ఎన్నో పట్టేంత సన్నని గీతలట అవి. నేనైతే స్కేలు పెట్టినా తిన్నగా గీయలేను. మా బెంచీలో కూర్చున్నది ఇంతటి మనిషని ఈ రోజే తెలిసింది. మీ బెంచీలో ఎవరుండేవారు?