లావు టైరు, మామ వీపు

మా మామ వీపును నలుగురిలో నవ్వులపాలు చేసిన ఘనత నాది. అందుకోసం నేను చేసిందల్లా ఒక టైరు కొనడం.

యుద్ధం ముగిసిన కొత్త. విజయనగరంలో మాది ధాన్యం కొట్టు. ఊరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర పాత మోటారు సైకిలు కొన్నాను. దాని వెనక టైరు అరిగి అప్పడమైపోయింది. కొత్త టైర్లు సులువుగా దొరికే కాలం కాదు. పటాలం వదిలేసిన సామాను విశాఖపట్నంలో అమ్ముతున్నారంటే వెళ్లాను.

టైరు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి దాని లావు, రెండోది అది ఎక్కే చక్రం కొలత. నేను చక్రం కొలత మాత్రమే చూసుకున్నాను. లావు ఎంతుండాలని దుకాణదారు అడిగితే, ఎంతుంటే అంత మంచిదన్నాను. విందులో లడ్డూ ఏరుకున్నట్టు అన్నిట్లోకీ బొద్దుగా ఉన్నది ఏరుకున్నాను. మీరైనా అంతే చేసేవారు, కాదనకండి.

చక్రానికి చక్కగా పట్టింది. బండికి బిగిస్తే మాత్రం తిరగలేదు. మడ్‌గార్డు వెనక సగం దానికి ఒరుసుకుంటోంది. ఆ సగాన్ని మరలు విప్పి తీసేశాను. చక్రం హాయిగా తిరిగింది. ఆ రేకెందుకు తీసేశారని మా ఆవిడ అడిగితే, అది ఒట్టి అలంకారమని చెప్పాను.

వాళ్ల నాన్న నాకు మేనమామ కూడా. శృంగవరపుకోట వైపు పల్లెల్లో తగువులు తీర్చే పెద్దమనిషి. పనిమీద మా ఇంటికొచ్చిన ఆయన మర్నాడు పొద్దున్నే బయల్దేరాలన్నాడు. వాళ్ల ఊరి పక్కూళ్లో ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు కోసం మాటలు మానేశారు. ఆ రోజు తీర్పు కుదరకపోతే కోర్టుకెక్కుతారు. తీరా చూస్తే పెట్రోలుకి బదులు బొగ్గుతో నడిచే బస్సు మొరాయించింది. నేను దింపుతానన్నాను. మామ ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచెతో నా వెనక ఎక్కాడు.

అంతకుముందే వాన కురిసి వెలిసింది. దారి పొడుగునా ఎర్రనీళ్ల గుంటలు. కొంత దూరం పోయాక మామ అడిగాడు.

"అల్లుడూ, ఏటిది, ఈపు సల్లగా తగల్తన్నాది?"

"వానగాలి మావా" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ ఊళ్లో అన్నదమ్ములు అరుగు మీద చెరో కొసనా మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. మామ దిగి అందరి దండాలూ అందుకున్నాడు. ముందునుంచి చూస్తే మల్లెపువ్వు. అదే గాంభీర్యంతో కాళ్లు కడుక్కోవడానికి వెనక్కి తిరిగాడు.

మెడ దగ్గర్నుంచి పంచె అంచు దాకా ఎర్రబురద, గోడ అలికినంత దట్టంగా.

తమ్ముడు కండువా నోట్లో కుక్కుకున్నాడు. అయినా నవ్వు ఆగలేదు.

"అన్నియ్యా, మన గట్టంతా ఈయన ఈపు మీదే ఉన్నాది. ఇంక మనకి తగువేటి?"

అన్న నవ్వు ఆపుకోలేక తమ్ముడి భుజం మీద వాలిపోయాడు. మామ ఎవరో ఇచ్చిన పంచె కట్టుకుని గట్టు ఎక్కడ వెయ్యాలో చెప్పాడు. ఇద్దరూ తలూపారు. తర్వాత ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వెళ్లిపో అల్లుడూ. నాను నడిసి పోతాను."

ఆ అరుగు సాక్షిగా మూడు ఒట్లు పెట్టుకున్నాను. రెండు అంకెలూ చదవనిదే టైరు ముట్టను. మడ్‌గార్డును అలంకారమనను. వాన వెలిసిన పూట మామను వెనక ఎక్కించుకోను. మూడోది నిలబెట్టుకోవడం కష్టమే కాలేదు. ఆ తర్వాత ఆయన నా బండి ఎక్కితే ఒట్టు.