నేను కలిపిన విషం

ఆ డాక్టరమ్మ పోయి ఎన్నేళ్లయినా నన్ను మాత్రం వదల్లేదు. నవల రాసిన రెండేళ్లూ మా ఏ.ఎస్. రావు నగర్ ఇంట్లో నా కుర్చీ వెనక నిలబడి ప్రతి వాక్యం చదువుతున్నట్టే ఉండేది. వైద్యం చదివి సికింద్రాబాద్‌లో ప్రాక్టీసు పెట్టిన తొలి ఆడవాళ్లలో ఆవిడ ఒకరు. రెజిమెంటల్ బజార్‌లో ఒక బాలింత ఆవిడ చేతుల్లో పోయింది. ఆ చావు చుట్టూ నేను అపరాధ పరిశోధన నవల అల్లుకున్నాను.

ఆ బాలింత మనవరాలు ఎనభై దాటిన పెద్దమ్మ. ఇంకా ఆ గల్లీలోనే ఉంది. తన తల్లి పుట్టగానే అమ్మమ్మ పోయిందట.

"మా అమ్మను బతికినన్ని దినాలు తల్లిని మింగినదన్నరు. నా కాన్పుకు సుత లోపలికి రాలే, గల్లీల కూసుంది. మా అమ్మ తప్పు లేదని రాయి బిడ్డా" అంది.

కాగితాలన్నీ చూసే రాస్తానని మాటిచ్చాను.

డాక్టరమ్మ బంధువుల దగ్గర ఆవిడ కేసు పుస్తకం దొరికింది. ఆ రోజు ఆవిడ వేరే ఇంట్లో పురుడు పోసి నేరుగా ఈ బాలింత ఇంటికే వచ్చింది. పురిటి మైలతో గడప తొక్కొద్దని ఇంటి పెద్దలు ఆపేశారు. బావి దగ్గర తలస్నానం చేసి, వాళ్లిచ్చిన ఉతికిన చీర కట్టుకుని లోపలికి వెళ్లేసరికి బాలింత నెత్తురంతా పోయింది. అప్పటిదాకా ఆ బాలింతను వదలకుండా పట్టుకున్నది మంత్రసాని. డాక్టరమ్మను రానివ్వండని ఆమె లోపలినుంచి మొత్తుకుందని కూడా అందులో ఉంది.

స్నానానికి పట్టిన ఆలస్యం వల్ల పోయిందని తేలిస్తే నా నవల ఎవరు చదువుతారు? నాకు హంతకులు కావాలి. డాక్టరమ్మ వస్తే తన బతుకుతెరువు పోతుందన్న కసితో మంత్రసానే కషాయంలో విషం కలిపినట్టు రాశాను. ఆ పేజీ రాస్తున్నంతసేపూ వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టనిపించింది. ఫ్యాను ఆపి చూశాను. ఎవరూ లేరు. భయమేసింది, అయినా మార్చలేదు.

నవల అచ్చయ్యాక పెద్దమ్మకు ఒక ప్రతి ఇచ్చాను. నెలకు మళ్లీ వెళ్లాను. మొత్తం చదివించుకుని విన్నదట. ముఖం తేటగా ఉంది.

"మా అమ్మ మీది నింద తీసేసినవ్. ఆ మంత్రసాని మనుమరాలు గీ పక్కింట్లనే ఉంటది. నలభై ఏండ్ల సంది కలిసి చాయ్ తాగినం. ఇగ దాని మొకం సూడ" అంది.

విషం నా కల్పనేనని, కేసు పుస్తకంలో ఏముందో అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"మా ఇంటోళ్లే సంపిండ్రంటవా?" అంది. "కాయితాలు సూసి రాస్తనంటివి. అచ్చేసినంక గిట్ల మాట మారుస్తున్నవ్."

ఇంకేం చెప్పినా వినలేదు.

బయటికొస్తే పక్కింటావిడ అరుగు మీద బియ్యం ఏరుతోంది. నవల సంగతి ఆమెకూ చేరినట్టుంది, నన్ను గుర్తుపట్టింది.

"మా నాయనమ్మ నీకేం జేసిందమ్మా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. పక్కన కూర్చుని, వాళ్ల నాయనమ్మ ఆ బాలింత కోసం ఎంత మొత్తుకుందో చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఇదంత నీకు ముందే ఎరుకనా?"

ఎరుకేనన్నాను.